ఫ్లెమింగోల వెనక తొమ్మిది గీతలు

మా ఇంట్లో దేవుడి గది లేదు. అది ఉండాల్సిన చోట పది ప్లాస్టిక్ గొట్టాలు గోడకు ఆనించి ఉంటాయి. బోరుబావికి దించే గొట్టాలే, రెండు పక్కలా మూతలు బిగించినవి. వాటి లోపల పాత పర్యాటక పోస్టర్లు చుట్టి పెట్టాను. కావలి గాలిలో ఉప్పూ ఉంది, తేమా ఉంది. గోడకు వేలాడదీస్తే రెండు వానాకాలాల్లో పాడైపోతాయి.

నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. ఈ పోస్టర్లు కొన్ని నెల్లూరు పాత కాగితాల కొట్లలో దొరికాయి. కొన్ని రైల్వేలో పనిచేసి దిగిపోయిన వాళ్ల ఇళ్లలో, బీరువా అరల్లో పరుపుగా వేసి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. చూడ్డానికి వచ్చేవాళ్లు "ఎంత బాగున్నాయో" అంటారు. నిజమే, బాగుంటాయి. బాగుండడమే వాటి ఉద్యోగం.

తెల్లవాళ్ల కాలం నాటి రైల్వే పోస్టరు ఒకటుంది. వేసవికి కొండ మీదికి రమ్మని పిలుస్తుంది. ఊదారంగు కొండలు, వాటి భుజాల మీద పసుపు ఎండ, మధ్యలో రైలు పొగ ఒక్క తెల్లని వంపు. ఆ వంపును చూస్తూ అరగంట కూర్చోగలను. రాతి మీద గీసి, ఒక్కో రంగుకు ఒక్కో రాయి వాడి అచ్చేసిన రోజుల పనితనం అది. ముందు గొడుగు పట్టుకున్న దొరసాని నిలబడి ఉంటుంది. ఒక మూల ఆమె సామాను మోసే మనిషి. దొరసాని టోపీ రిబ్బను ముడిని కూడా వదలకుండా గీసిన చిత్రకారుడు, ఆ మనిషి ముఖానికి మాత్రం గోధుమరంగు పూత ఒకటి పూసి ఊరుకున్నాడు. ఆ పూతలోనే సామ్రాజ్యం ఉంది.

మనవాళ్లు వచ్చాక కొండ పోయి ఆనకట్ట వచ్చింది. ఆ పోస్టరు కూడా నా దగ్గర ఉంది. నీలం ఎంత నిండుగా ఉంటుందంటే చెయ్యి పెడితే తడి తగులుతుందేమో అనిపిస్తుంది. కుటుంబంతో వచ్చి చూడండి, దేశం ముందుకు పోతోంది అని కింద రాశారు. ఆ నీలం కింద ఎన్ని ఊళ్లు మునిగాయో రాయలేదు. దేశాన్ని చూపించే బొమ్మ ఏదైనా, ఎవరికో ఏదో ఒప్పించడానికే గీస్తారు. ఇది నేను పాతికేళ్లు క్లాసులో చెప్పాను, అంతకంటే ఎక్కువేళ్లు రాశాను. చెప్పిన మాటే చెబుతూ ఉంటే ఒక వయసు వచ్చేసరికి గొంతులో పదును అలాగే ఉంటుంది గానీ, దాని వెనక ఊపిరి తగ్గిపోతుంది.

నేను వాదించడం నేర్చింది మా ఊరి పఠన మందిరంలో. ఆదివారం సాయంత్రాలు చర్చలు జరిగేవి. జాతకాలు, మొక్కులు, కులభోజనాలు, అన్నిటి మీదా. అక్కడి పెద్దలది ఒకటే నియమం. చూసింది చెప్పు, చూడనిది చెప్పదలిస్తే ఎవరు చూశారో చెప్పు, రెండూ లేకపోతే కూర్చో. ఆ నియమంతో నేను ఎంతమందిని కూర్చోబెట్టానో లెక్కలేదు. నన్ను నేను కూర్చోబెట్టుకోవాల్సిన రోజు ఈ ఏడాది వచ్చింది.

పులికాట్ సరస్సు పోస్టరు ఒకటి ఉంది నా దగ్గర. ప్రభుత్వం వేయించిందే, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లోది. ముందు మూడు ఫ్లెమింగోలు, ఒకటి మెడ వంచి నీళ్లలో ముక్కు పెట్టి ఉంటుంది. వాటి వెనక పల్చటి బూడిద రంగు నీరు, ఆ పైన గులాబీరంగు ఆకాశం. ఎక్కడా హడావుడి లేదు. దాని మీద నేనొక వ్యాసం రాశాను. వెయ్యి కాపీలు కూడా వేయని ఒక మాసపత్రికలో వచ్చింది. అందులో నాకు చాలా నచ్చిన వాక్యం ఇది: "ఈ సరస్సులో మనిషి లేడు, పడవ లేదు, వల లేదు." బతుకుతున్న మనుషులను బొమ్మలోంచి తుడిచేశారని నా కోపం. ఆ వాక్యాన్ని సభల్లో మూడు దెబ్బలుగా విడదీసి చదివేదాన్ని. చప్పట్లు పడేవి.

ఈ ఏడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక ఉదయం పదిగంటలకు ఇద్దరు వచ్చారు. చిట్టమూరు అవతల, సరస్సు ఒడ్డున ఉన్న చేపలు పట్టేవాళ్ల ఊరు నుంచి. ఒకాయన ఆ ఊరి కులపెద్ద, నా వయసువాడే. రెండో ఆమె ఆయన చెల్లెలు, నాయుడుపేటలో రొయ్యలు అమ్ముతుంది. భర్త పోయాడట, ఆమె ఇంటి తరఫున కూడా అన్నే వల కడతాడట. తెల్లారకముందే బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చారు. ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు. ఆమె నేరుగా వచ్చి ఫ్యాను కింద కూర్చుంది.

"అక్కా, చదువుకున్నోళ్లు రాసేది చూసి రాస్తారా, చూడకుండా రాస్తారా?"

"చూసే రాయాలి," అన్నాను.

"అయితే ఇది ఎవురు రాసింది?" అని సంచిలోంచి జిరాక్సు కాగితాలు తీసి నా ఒళ్లో పెట్టింది.

సరస్సులో పడవ షికారు కోసం రేవు కట్టే పథకం. దాని నివేదిక అది. అట్ట మీద నా పోస్టరే, మూడు ఫ్లెమింగోలతో. లోపల ఒక పేజీలో, రేవు కట్టబోయే చోట చేపల వేట ఎన్నడూ లేదు అని రాసి, ఆధారంగా నా వాక్యం పెట్టారు. మనిషి లేడు, పడవ లేదు, వల లేదు. ఒక అభ్యుదయ రచయిత్రి కూడా ఈ సంగతి ఎన్నడో గుర్తించారట. వ్యాసాన్ని ఎవరో స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టి ఉన్నారు, అక్కడ దొరికింది వీళ్లకు. మనుషులు ఎందుకు లేరని నేను అడిగిన ముందు వాక్యమూ, వెనక వాక్యమూ వదిలేశారు.

మంచినీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లాను.

తిరిగి వచ్చాక, వాళ్లు తప్పుగా వాడారు, నా ఉద్దేశం వేరు అని మొదలుపెట్టాను. ఆమె వినలేదు.

"ఉద్దేశం సంగతి కాదక్కా. అసలు బొమ్మ ఉండాదంట గదా నీ కాడ. తియ్యి."

గొట్టం మూత విప్పి పోస్టరు తీసి బల్ల మీద పరిచాను. నాలుగు మూలలా నాలుగు పుస్తకాలు పెట్టాను. ఆమె ఫ్లెమింగోల వైపు చూడనే లేదు. వాటి వెనక, ఆకాశం నీళ్లను కలిసేచోట వేలు ఆనించింది.

"ఇయ్యేందక్కా?"

అక్కడ సన్నటి నిలువు గీతలున్నాయి. వెంట్రుకంత మందం. నేను వాటిని ఎన్నిసార్లు చూశానో. రెల్లు అనుకున్నాను. ఖాళీగా ఉంటుందని చిత్రకారుడు అలంకారానికి గీసి ఉంటాడని అనుకున్నాను.

"రెల్లు," అన్నాను.

అన్నాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన గడప దగ్గర్నుంచి వచ్చి బల్ల మీదికి వంగాడు. "ఆ నీళ్లలో రెల్లు మొలవదక్కా. ఉప్పు. ఇయి మా కర్రలు. రొయ్యల వల కట్టే కర్రలు. లెక్కబెట్టు, తొమ్మిది ఉండాయి. అయిదో దానికీ ఆరో దానికీ మధ్య పడవ పోయేదానికి సందు."

భూతద్దం తెచ్చాను. తొమ్మిదే ఉన్నాయి. సందూ ఉంది. అన్నీ ఒకే వైపు కొంచెం వాలి ఉన్నాయి.

"ఇలా వాలి ఉన్నాయెందుకు?" అని అడిగాను.

"పోటు నీళ్లు తోస్తాయి గదా. నిట్టనిలువుగా పాతితే విరిగిపోతాది. ఎదురొరిగించి పాతతాము," అన్నాడాయన.

"గీసినాయన చూసినాడు," అంది ఆమె. "నువ్వే చూడలే."

ఆమె అన్న మాటలో తప్పేమీ లేదు. నేను ఆ సరస్సును చూసింది రోడ్డు మీద నుంచే. శీతాకాలంలో పిల్లల్ని బస్సులో తీసుకుపోయి, గట్టు మీద నిలబడి పక్షుల్ని చూపించి తీసుకొచ్చేదాన్ని. ఒక్కసారి కూడా పడవెక్కలేదు. నేను తిట్టిన పోస్టరు పర్యాటకుణ్ణి ఎక్కడ నిలబెట్టిందో, సరిగ్గా అక్కడే నిలబడి ఆ వ్యాసం రాశాను.

అయినా పాత అలవాటు ఊరుకోదు. తొమ్మిది గీతలు ఉన్నంత మాత్రాన అవి ఆ చోటివేనని రుజువేమిటి, చిత్రకారుడు ఇంకోచోట చూసి ఇక్కడ పెట్టి ఉండొచ్చు గదా అన్నాను. ఆకాశం అంచున కనిపించే తిప్ప ఆకారాన్ని ఆయన వేలితో గీసి, దాని పేరు, దాని పక్క తిప్ప పేరు, రెండిటి మధ్య లోతు చెప్పాడు. ఆమె విసుక్కుంది.

"మా చోటు పోతా ఉంటే నువ్వు మాకే పరీక్ష పెడతావేందక్కా? ఈ చోటు పోతే మా మూడు వరసలోళ్లకీ పొయ్యిలో పిల్లి పడుకుంటాది."

అప్పుడు మూడు వరసల సంగతి అడిగి తెలుసుకున్నాను. ఊళ్లో ఇళ్లన్నీ మూడు వరసలు. ఆ చోట ఒక రోజు ఒక వరసవాళ్లు వల కడతారు, మర్నాడు రెండో వరస, ఆ మర్నాడు మూడోది. మళ్లీ మొదటికి. వరసలో ఎవరికి ఏ కర్ర అన్నది ఏడాదికోసారి చీటీలు తీసి తేల్చుకుంటారు. తనది కాని రోజున ఆ నీళ్లలో వల దించినా, ఆ నీళ్లు నావి అన్నా, కులం ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలి. కాగితం మీద ఒక్క ముక్క లేదు. తాతలనాటి నుంచి నడుస్తోంది.

"చీటీలు ఎక్కడ తీస్తారు?" అని అడిగాను.

"అమ్మవారి ముందర. కర్పూరం వెలిగించి." ఆమె నవ్వింది. "నువ్వు అమ్మవారి మీద గూడా రాసినావంట గదా. అది చూసే రాసినావులే."

నవ్వాను, చాలా రోజుల తర్వాత. కర్పూరం లేకపోయినా ఆ చీటీలు అలాగే పనిచేస్తాయని చెప్పబోయి మానుకున్నాను. వాళ్లు నన్ను అడిగింది అది కాదు. వచ్చే సోమవారం మండల ఆఫీసులో విచారణ ఉంది. అక్కడికి వచ్చి, బొమ్మలో మా కర్రలున్నాయని ఒక్క మాట చెప్పు, రాసిన నువ్వే చెప్పు. వాళ్లు అడిగిందంతా ఇంతే. చూసినంత మేరకే చెబుతాను, అంతకు మించి ఒక్క అక్షరం చెప్పను అన్నాను. "అంతే చాల్లే, నువ్వు గొప్పగా చెప్పినప్పుడే గదా మాకీ కష్టం వచ్చింది," అంది ఆమె.

సోమవారం పోస్టరు గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. సమావేశ మందిరంలో ప్లాస్టిక్ కుర్చీలు, ముందు తెర. విచారణ జరిపే అధికారి కుర్రవయసువాడు, మర్యాదస్తుడు. ఆ రోజుకది అతనికి ఎన్నో విచారణో, కళ్లు అలిసి ఉన్నాయి. తెర మీద ముందు నా పోస్టరు వేశారు. ఆ మందిరంలో అందరికంటే అందంగా ఉన్నది అదే. తర్వాత నా వాక్యం వేశారు. ఎవరో దాన్ని మైకులో చదివారు. నేను చదివినంత బాగానే, మూడు దెబ్బలుగా చదివారు. చప్పట్లు లేవు.

అధికారి కులపెద్దను పిలిచాడు. ఆయన తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దాయనా, రేవు కట్టే చోట ఉన్న నీళ్లు మీవేనా?"

ఆయన నేల చూశాడు, కిటికీ చూశాడు.

"ఈ పొద్దు మావి కాదు సార్," అన్నాడు.

అధికారి తలెత్తాడు. "మీవి కాదా?"

"కాదు సార్."

గుమాస్తా రాసుకుంటున్న చప్పుడు నాకు వినిపించింది. పక్కన చెల్లెలు నుదురు కొట్టుకుంది. "అయ్యో మా అన్నా, నోరు మూసుకుంటే సరిపోయేది గదా," అంటోంది గొణుగుతూ. వెనక కుర్చీల్లో పథకం కావాలనేవాళ్లు ఇద్దరు ముగ్గురు నవ్వుకున్నారు. అధికారి కాగితం తిప్పేశాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ రోజు రెండో వరసవాళ్లది. ఆయనది మూడో వరస. ఆయన ఆ మందిరంలో నిలబడి ఉన్న గంటలోనే రెండో వరస మగవాళ్లు నడుముల్లోతు నీళ్లలో ఆ కర్రలకు వల కడుతున్నారు. వాళ్ల రోజున ఆ నీళ్లు నావి అంటే ఆయన ఊళ్లో తలెత్తుకోలేడు. పట్టా ఉన్న రైతును అడిగితే, పొలం కౌలుకిచ్చినా నాదే అంటాడు. వీళ్లు అనలేరు. ఊరు మొత్తం నమ్ముకున్న చోటును, అడిగిన రోజు తమ వంతు కాక, ఊరిపెద్దే చేజేతులా వదిలేశాడు.

లేచి నిలబడ్డాను. మైకు దగ్గరికి వెళ్లేలోపు ఎన్ని వాదనలు తిరిగాయో బుర్రలో. సామ్రాజ్యం, ప్రచారం, చిత్రకళ. ఆ వాక్యాలన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఎప్పుడూ ఉంటాయి. వాటిలో ఒక్కటీ వాడబుద్ధి కాలేదు.

"ఆ వాక్యం రాసింది నేను," అన్నాను. "అది తప్పు."

అసలు పోస్టరును బల్ల మీద పరిచి, భూతద్దం ఇచ్చి గీతలు లెక్కపెట్టమన్నాను. అధికారి వంగి లెక్కపెట్టాడు. అవి వల కర్రలని నాకు స్వయంగా తెలియదని, ఈ అన్నాచెల్లెళ్లు చెప్పగా విన్నానని, వాలు సంగతి, సందు సంగతి వాళ్లు చెప్పినట్టే బొమ్మలో ఉన్నాయని చెప్పాను. తర్వాత మూడు వరసల పద్ధతి చెప్పాను. ఈయన కాదన్నది ఈ రోజు గురించే, మీరడిగింది ఎప్పటి గురించో, రెండూ వేరని చెప్పాను.

అధికారి నావైపు చూశాడు. "మేడం, అయితే అప్పుడు మీరు అబద్ధం రాశారా?"

"చూడకుండా రాశాను. వీళ్లకు జరిగిన నష్టంలో ఆ రెండిటికీ తేడా లేదు."

"అది రాసి సంతకం పెట్టి ఇస్తారా?"

ఇచ్చాను. ఎంత చిన్న కాగితమో అది, నాలుగు వాక్యాలు. జీవితంలో నేను రాసినవాటిలో ఇంత కష్టపడింది లేదు. మూడుసార్లు "అయినప్పటికీ" అని మొదలుపెట్టి కొట్టేశాను.

అధికారి కులపెద్దను మళ్లీ పిలిచాడు. ఈసారి గొంతులో చిన్న నవ్వుంది. "పెద్దాయనా, రేపు ఆ నీళ్లు ఎవరివి?"

"రేపు మావే సార్," అన్నాడాయన ఠక్కున.

మందిరమంతా నవ్వింది. నవ్వినవాళ్లలో పథకం కావాలన్నవాళ్లూ ఉన్నారు. గుమాస్తా ఇందాకటి వాక్యాన్ని కొట్టేయబోతే అధికారి ఆపాడు. కొట్టకుండా దాని కింద, ఈ రోజు రెండో వరస వంతు అయినందున, అని చేర్పించాడు. మూడు వరసల పెద్దలనూ వినకుండా తేల్చనని, సరిగ్గా మూడు వారాల తర్వాత, సోమవారమే, మళ్లీ విచారణ అని చెప్పాడు. అంతవరకు ఆ చోట మేకు కూడా కొట్టవద్దన్నాడు. గెలిచామనడానికి అది చాలదు, మూడు వారాల ఊపిరి మాత్రం దొరికింది.

కులపెద్ద కూర్చోలేదు. వేళ్ల మీద ఏదో లెక్కపెడుతున్నాడు.

"ఏమిటి?" అన్నాడు అధికారి.

"ఆ పొద్దు గూడా మావి కాదు సార్. రెండో వరసోళ్లవే."

"పర్లేదు, వాళ్లనే తీసుకురండి."

"వాళ్లు రారు సార్. వాళ్ల వంతు రోజు గదా, వేటకు పోతారు."

అధికారి పెన్ను కింద పెట్టి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. చివరికి మంగళవారానికి మార్చాడు.

బయట చెట్టు నీడలో ఆమె అన్నను తిడుతోంది. "ధర్మరాజువి మరి. రేవు కట్టేసినాక ఆ పడవల్లో టికెట్ కొనుక్కోని పోయి జూద్దువు, ఎవురి వంతో." ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మళ్లీ రెండో వరసోళ్ల ముందర యా ముఖం పెట్టుకోని నిలబడమంటావు నన్ను?" అన్నాడు. ఆమె సంచి చంకన పెట్టుకుని బస్సు వైపు నడిచింది.

బస్సులో కావలి తిరిగి వస్తూ, ఆ వ్యాసానికి సవరణ రాసి అచ్చేయించాలనుకున్నాను. కానీ ఎక్కడ అచ్చేయించను? ఆ మాసపత్రిక మూతపడి చాలా ఏళ్లయింది. సంపాదకుడు లేడు. నన్ను కూర్చోమని చెప్పగలిగిన పఠన మందిరం పెద్దల్లో ఎవరూ లేరు. తప్పు వాక్యం ఇంటర్నెట్లో ఉంది, దాన్ని దింపమని ఎవర్ని అడగాలో కూడా తెలియదు. ఒప్పు వాక్యం ఒక మండల ఆఫీసు ఫైల్లో, గుడ్డతాడు కింద ఉంది. ఇంకో ఏడాది ఇంకో పథకం వస్తుంది, ఇంకెవరో వెతుకుతారు, వాళ్లకు మొదటిదే దొరుకుతుంది.

ఇంటికి చేరేసరికి ఆమె ఫోను చేసింది.

"అక్కా, మంగళవారం మూడో వరసోళ్లది. మా అన్నే వల కట్టాలంట, రానంటాడు. మొదటి వరస పెద్దాయన వస్తానన్నాడు గానీ, ఆయనకు చెవుడు. నువ్వు రావాల."

"నేను చెప్పాల్సింది రాసి ఇచ్చేశాను కదమ్మా."

"రాసింది ఎవురు చదవతారక్కా? వచ్చి చెప్పు."

మోకాళ్ల నొప్పులని చెప్పబోయాను. అవి నిజమే. కానీ ఆ రేవు కట్టేస్తే వాళ్ల మూడు వరసలకూ కట్టుకునే చోటు ఉండదు, ఆ రేవుకు నా వాక్యం కూడా ఒక గుంజ. మంగళవారం ఎన్ని గంటలకు రావాలని అడిగాను. పదింటికల్లా అంది. ముందు రోజే వచ్చి తమ ఇంట్లో దిగమంది, ఉదయం పడవెక్కించి ఆ కర్రలు చూపిస్తానంది. సరేనన్నాను.